టీషర్టు సంగతి తరువాత, ముందు కాళ్ళు చూసుకుందాం



దసరా అందరి ఇళ్ళలోనూ బాగా జరిగిందని అనుకుంటాము. వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటోంది. సంక్రాంతి తరువాత ఏలగిరి కొండ మీద జరిగే కాలిబాట పరుగుకు మన సంఘం నుంచి ఎవరెవరు పోవాలి, టీషర్టు ఏ రంగులో వేయించాలి అన్నది ఆరోజు తేలుస్తారట. రంగు గురించి గ్రూపులో ఇప్పటికే అరవై మెసేజీలు వచ్చాయి. కాళ్ళ గురించి ఒక్కటీ రాలేదు. అందుకే ఈ పొడుగు ఉత్తరం. ఎప్పటిలాగే ఓపిక పట్టి చదవండి.

"మేము" అంటే ఎవరని కొత్త సభ్యులు అడగవచ్చు. జోలార్‌పేట స్టేషన్ పక్కన పొద్దున్నే నడిచే ఐదుగురం. అందరం రైల్వేలో రిటైరైనవాళ్ళం. ఒకరు కీమ్యాన్, ఒకరు గార్డు, ఇద్దరు బండి చక్రాలూ ఇరుసులూ చూసే పని చేసినవాళ్ళు, రాసే చెయ్యి మాత్రం పార్సల్ ఆఫీసు గుమాస్తాది. ఆ చెయ్యి బడిలో తమిళమే రాసింది. తెలుగు అక్షరాలు మన సంఘం ఆదివారం తరగతిలో పెద్దయ్యాక పట్టుబడ్డాయి. తప్పులుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం వదలకండి.

ముందు పోయిన ఏడాది జరిగింది చెప్పుకోవాలి. అందరికీ తెలుసు, కానీ ఎవరూ నోరు విప్పడం లేదు.

పోయినసారి మన సంఘం నుంచి పదిహేడు మంది పరుగుకు పోయారు. 21 కిలోమీటర్లు. తారు రోడ్డు కాదు. రాళ్ళు, వేర్లు, ముళ్ళు, ఎండుటాకులు, జారుడు మట్టి. పదిహేడు మందిలో తొమ్మిది మంది కుంటుతూ దిగారు. ఇద్దరికి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అయినా అందరూ మెడల్ పట్టుకుని ఫోటో దిగాము, గ్రూపులో పెట్టుకున్నాము.

ఆ ఫోటోలో ఒకాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు. పేరు రాయము. ఆయన్ని అడిగే ఈ ఉత్తరం రాస్తున్నాము, పేరు మాత్రం వద్దన్నాడు. యాభై దాటిన మనిషి, బజారులో అంగడి, పదకొండేళ్ళుగా షుగరు. పరుగుకు రెండు రోజుల ముందు తగ్గింపు ధరకు వచ్చిందని కొత్త బూట్లు కొన్నాడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర, మేము నీళ్ళు ఇచ్చే చోట, ఆగి రాయి మీద కూర్చున్నాడు. "బూటులో ఏదో మడత పడ్డట్టుంది, విప్పి చూస్తాను" అన్నాడు. అప్పుడు మేము ఏం చేశాము? నవ్వాము. "ఏం బావా, పిల్లలు పోతా ఉంటే నువ్వు కూర్చున్నావా, వయసు పైబడిందా?" అన్నాము. ఆయన కూడా నవ్వి, విప్పకుండానే లేచి పోయాడు. మిగిలిన పన్నెండు కిలోమీటర్లూ పూర్తి చేశాడు.

ఇంటికి పోయి సాక్సు విప్పితే అరికాలి ముందు భాగంలో రూపాయి బిళ్ళ కంటే పెద్ద బొబ్బ పగిలి ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పెద్ద సంగతి కాదనుకున్నాడు. పసుపు పెట్టాడు, అంగడికి పోయాడు. రెండు వారాలకు చీము. ఆరు వారాలకు ఆసుపత్రిలో రెండో వేలు తీసేశారు.

ఆయన మా మీద ఒక్క మాట అనలేదు. కానీ నవ్వింది మేమే. ఆ నవ్వు మాకు గుర్తుంది.

కనుక మా అభిప్రాయం ఇది. కొండ పరుగుకు మనుషుల్ని పంపే సంఘం, ముందుగా వాళ్ళ కాళ్ళ బాధ్యత తీసుకోవాలి. తీసుకోలేకపోతే పంపకూడదు. టీషర్టు లేకుండా పరుగెత్తవచ్చు. చర్మం లేని కాలితో పరుగెత్తలేము.

ఇప్పుడు వివరంగా చెప్తాము. ఇందులో కొంత మా రైల్వే అనుభవం, కొంత డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్నది, కొంత మన కుర్రవాళ్ళే మాకు నేర్పింది.

బొబ్బ ఎలా వస్తుంది? తమిళం బడిలో కొప్పుళం అని చదివాము, ఇంట్లో అవ్వ బొబ్బ అనేది. బూటు రుద్దితే చర్మం అరిగిపోయి వస్తుందని చాలామంది అనుకుంటారు. లోపల జరిగేది వేరు. అడుగు వేసినప్పుడు లోపలి ఎముక ముందుకు జరుగుతుంది, పై చర్మం సాక్సుకు అంటుకుని అక్కడే ఆగుతుంది. మధ్యలో ఉన్న చర్మపు పొరలు అటూ ఇటూ సాగుతాయి. వేల సార్లు సాగితే పొర విడిపోతుంది, ఆ సందులో నీరు చేరుతుంది. చెమట పట్టి తడిసిన చర్మం సాక్సుకు మరీ ఎక్కువ అంటుకుంటుంది, వేడి పుడుతుంది. తడి, వేడి, ఒత్తిడి, పదే పదే అదే కదలిక. ఈ నాలుగూ కలిస్తే బొబ్బ.

మాలో ఇరుసులు చూసిన ఇద్దరికీ ఇది వినగానే హాట్ యాక్సిల్ గుర్తుకొచ్చింది. బండిలో ఒక ఇరుసు వేడెక్కితే పైకి ఏమీ తెలియదు. బండి పోతూనే ఉంటుంది. అందుకే స్టేషన్ దాటే ప్రతి బండినీ సిబ్బంది నిలబడి చూస్తారు, వాసన, పొగ, చప్పుడు గమనిస్తారు. వేడి కనిపిస్తే బండి ఆపి ఆ పెట్టెను విడదీసి పక్కన పెడతారు. "ఇంకో రెండు స్టేషన్లే కదా, పోనీ" అనరు. అన్నరోజు ఇరుసు విరుగుతుంది.

పాదంలోనూ అంతే. బొబ్బ రావడానికి ముందు ఆ చోట వేడిగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగి బూటు విప్పి, తుడిచి, ఆరబెట్టి, టేపు వేస్తే ఐదు నిమిషాల పని. బొబ్బ వచ్చాక ఐదు రోజుల పని. పగిలి చీము పట్టాక ఎన్ని రోజులో మన బావగారిని అడగండి.

ఇక తయారీ. దసరా నుంచి సంక్రాంతి దాకా దాదాపు మూడు నెలలు చేతిలో ఉన్నాయి. సరిగ్గా సరిపోతాయి.

మొదటిది బూట్లు. మన పక్కనే ఆంబూరు, వాణియంబాడి. దేశదేశాలకు బూట్లు కుట్టి పంపే ఊళ్ళు. మన ఇళ్ళలో సగం మందికి ఆ ఫ్యాక్టరీల్లో పని చేసే బంధువులున్నారు. వాళ్ళను అడిగితే చెప్తారు, ప్రతి బూటూ ఒక పాదం అచ్చు మీద తయారవుతుంది. ఆ అచ్చు ఎవరో సగటు మనిషిది. చిన్నప్పుడు చెప్పులు లేకుండా తిరిగిన మనలాంటివాళ్ళ పాదం ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. నంబరు సరిపోయినా వెడల్పు సరిపోకపోవచ్చు. అంగట్లో బూటు లోపలి అట్టను బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. వేళ్ళు అట్ట దాటి బయటికి వస్తే ఆ బూటు మీది కాదు, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

సాయంత్రం పూట కొనండి. పొద్దున కంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ ఉబ్బుతుంది. పరుగుకు వేసుకునే సాక్సులే వేసుకుని చూడండి. నిలబడినప్పుడు పొడుగైన వేలి ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడుగు, దాన్ని చూసుకోవాలి. ఈ ఖాళీ లేకపోతే కొండ దిగేటప్పుడు గోళ్ళు బూటు ముందు భాగానికి గుద్దుకుని నల్లబడతాయి. మడమ మాత్రం బూటులో పైకి లేవకూడదు. బూటు పైన చివర ఒక అదనపు రంధ్రం ఉంటుంది, చాలామంది అది ఎందుకో తెలియక వదిలేస్తారు. లేసును ఆ రెండు రంధ్రాలలో చిన్న వంకీలా దూర్చి, ఎదుటి లేసును ఆ వంకీ గుండా లాగి కడితే మడమ కదలదు.

మా కీమ్యాన్ అన్న చెప్పే మాట ఒకటి ఉంది. ఆయన ఏళ్ళ తరబడి రోజూ తన బీటు అంతా పట్టాల వెంట, కంకర మీద నడిచినవాడు. "కొత్త బూట్లు ఇచ్చిన వారం సగం దూరం కొత్తవి, సగం దూరం పాతవి" అంటాడు. పరుగు రోజుకు బూటు కొత్తది అయి ఉండకూడదు. ఇప్పుడే కొని మూడు నెలలూ వాటితోనే నడవండి, పరుగెత్తండి, ఎక్కండి, దిగండి. ఎక్కడ రుద్దుతుందో అప్పుడే తెలుస్తుంది.

రెండోది సాక్సులు. నూలు సాక్సు మంచిదని మనం చిన్నప్పటి నుంచి విన్నాము. ఆఫీసుకు మంచిదే. పరుగుకు కాదు. నూలు చెమటను పీల్చుకుని అలాగే తడిగా ఉంటుంది. చెమటను బయటికి పంపే సింథటిక్ సాక్సులు, లేదా సన్నని ఉన్ని కలిసినవి మేలు. వేళ్ళు ఒకదానికొకటి రాసుకునేవాళ్ళకు ఐదు వేళ్ళ సాక్సులు దొరుకుతాయి. మొదట వేసుకుంటే చేతి తొడుగు కాలికి తొడిగినట్టు నవ్వొస్తుంది, తరువాత అలవాటవుతుంది. ఇంకొక జత పొడి సాక్సులు ప్లాస్టిక్ సంచిలో కట్టి నడుముకు పెట్టుకోవాలి. వాగు దాటి తడిస్తే మార్చుకోవడానికి.

మూడోది చర్మం. ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. అరికాలు గట్టిపడి కాయ కాస్తే మంచిదని కొందరు అంటారు. కొంచెం గట్టిదనం మంచిదే. కానీ మందపు కాయ కింద బొబ్బ లేస్తే టేపు అందదు, సూది అందదు, నడవడం నరకం. స్నానం తరువాత చర్మం మెత్తగా ఉన్నప్పుడు రాయితో మెల్లగా రుద్ది మట్టం చేసుకోవాలి. బ్లేడుతో కోయకూడదు. రాత్రి పడుకునే ముందు మడమలకు ఆముదమో కొబ్బరినూనో రాస్తే పగుళ్ళు తగ్గుతాయి. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె వద్దు, అక్కడ పొడిగా ఉండాలి. అక్కడ తేమ నిలిస్తే తమిళంలో సేత్తుపుణ్ణు అంటామే, ఆ బురద పుండు వస్తుంది. ఇప్పటికే ఉన్నవాళ్ళు ఇప్పుడే డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి.

నాలుగోది గోళ్ళు. పరుగుకు మూడు నాలుగు రోజుల ముందు తిన్నగా కత్తిరించి అంచులు అరగదీయాలి. మూలలు లోపలికి కోస్తే గోరు కండలోకి పెరుగుతుంది. ముందురోజు రాత్రి కత్తిరించి రక్తం తెచ్చుకున్నవాళ్ళు పోయిన ఏడాది మనలోనే ఒకరున్నారు.

ఐదోది బలం. పాదంలో చిన్న చిన్న కండరాలుంటాయి, అవి పని చేయకపోతే చీలమండ మెలి తిరుగుతుంది. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, కాలు మార్చండి. మెట్టు అంచు మీద నిలబడి మడమలు పైకి లేపి దించండి. నేల మీద తువ్వాలు పరచి వేళ్ళతో లాక్కోండి. మేము ఐదుగురం రోజూ చేస్తున్నాము. చూసేవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీయండి. వారానికి ఒకసారి కొండ మీదనే సాధన చేయాలి. మైదానంలో ఎంత పరుగెత్తినా స్వామిమలై దారి రాళ్ళ మీద దిగడం రాదు. ఒకేసారి దూరం పెంచకూడదు, వారం వారం కొంచెం కొంచెం.

ఆరోది టేపు. తనకు ఎక్కడ వేడెక్కుతుందో మూడు నెలల సాధనలో ప్రతి మనిషికీ తెలిసిపోతుంది. ఒకరికి మడమ వెనుక, ఒకరికి బొటనవేలి పక్కన. ఆ చోట పరుగు రోజు ముందే టేపు వేసుకోవాలి. దీనికి ఖరీదైన వస్తువు అక్కర్లేదు. మందుల షాపులో కట్టు కట్టడానికి అమ్మే కాగితపు టేపు, మైక్రోపోర్ అని అడిగితే ఇస్తారు. ఎడారుల్లో ఆరు దశలుగా 250 కిలోమీటర్లు పరుగెత్తే పందేల్లో 128 మంది మీద అమెరికా డాక్టర్లు ఈ కాగితపు టేపునే పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. టేపు వేసిన చోట బొబ్బలు 40 శాతం తగ్గాయి. ఒక చుట్ట ఖరీదు తక్కువే. టేపు వేసే చోట నూనె, వాసలైను ఉండకూడదు, అంటుకోదు. శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, మడత లేకుండా వేసి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. వాసలైను ఇష్టమైనవాళ్ళు టేపు లేని చోట రాసుకోవచ్చు, కానీ గంటా రెండు గంటలకు అది పోతుంది, మళ్ళీ రాయాలి.

ఇవన్నీ చదివి కొందరు పెద్దలు ఏమంటారో మాకు తెలుసు. "మన తాతలు చెప్పులు లేకుండా తిరుమల కొండ ఎక్కారు. వాళ్ళకు టేపు ఉందా, సాక్సు ఉందా?"

ఎక్కారు. మా నాన్నల తరమూ ఎక్కింది. కానీ వాళ్ళు పుట్టినప్పటి నుంచి చెప్పులు లేకుండానే నడిచారు, వాళ్ళ పాదం దానికి తయారై ఉంది. పైగా నడిచారు, పరుగెత్తలేదు. మనం నలభై ఏళ్ళు బూటులో, బండి మీద, ఫ్యాను కింద పెంచిన పాదాన్ని ఒక్కరోజులో తాత పాదం చేయలేము. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను చెప్పులు లేకుండా గెలిచాడని కుర్రవాళ్ళు గొప్పగా చెప్తారు. నిజమే, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు. అక్కడ ఇచ్చిన బూట్లు ఆయన కాలికి పట్టలేదు, కాబట్టి అలవాటైన వట్టి కాళ్ళతో పరుగెత్తాడు. పరుగు రోజు కొత్త బూటు వేసుకోకూడదన్న తెలివి ఆయనకుంది. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు, సాక్సులు వేసుకుని పరుగెత్తి మళ్ళీ గెలిచాడు. ఈసారి 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. మూడు నిమిషాలు తక్కువ. వట్టి కాలా, బూటా అన్నది గొప్పతనం సంగతి కాదు. ఏ కాలు దేనికి తయారైంది అన్నదే లెక్క.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, షుగరు సంగతి.

షుగరు ఉన్నవాళ్ళను ముందు కాలి పరీక్ష లేకుండా రాయించకూడదని మేము అంటే, కమిటీలో ఒకరు "అది వాళ్ళను అవమానించడం" అన్నారు. ఆ మాట మీద మేము చాలా ఆలోచించాము. అందులో కొంత న్యాయం ఉంది. షుగరు ఉన్నవాడికి నడక, వ్యాయామం మంచివి, డాక్టర్లే చెప్తారు. ఇంట్లో కూర్చోపెట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఏళ్ళ తరబడి షుగరు ఉంటే పాదంలోని నరాలు మెల్లగా చచ్చుబడతాయి. ముల్లు గుచ్చినా తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. రక్తప్రసారమూ తగ్గుతుంది, పుండు మానదు. మన బావగారికి నొప్పి లేకపోవడమే పెద్ద ప్రమాదం. ఇరుసు వేడెక్కినా పొగ కనిపించని బండి అది.

ఈ సంగతిని లోకానికి గట్టిగా చాటిన పని మన పక్కనున్న వేలూరులో జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు? పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1914లో మన తమిళనాడులోని కొల్లిమలైలో పుట్టాడు. 1946లో వేలూరు సి.ఎం.సి.కి వచ్చి కుష్ఠు రోగుల చేతులు, కాళ్ళు బాగుచేసే పనిలో పడ్డాడు. ఆ రోజుల్లో రోగమే వేళ్ళను తినేస్తుందని అందరూ అనుకునేవారు. అలా కాదని ఆయన చూపించాడు. స్పర్శ లేనందువల్ల, తగిలిన దెబ్బ తెలియక, పుండు మీదనే నడిచి నడిచి వేళ్ళు పోతున్నాయి. మంచి చెప్పు వేసి, రోజూ పాదం చూసుకుంటే వేలు నిలుస్తుంది. మెత్తని రబ్బరు పొర వేసిన చెప్పులు ఆ పని నుంచే వాడుకలోకి వచ్చాయి. ఈరోజు షుగరు రోగులకు డాక్టర్లు రాసిచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు అవే. నొప్పి శత్రువు కాదు, కాపలాదారు అని ఆయన జీవితమంతా చెప్పాడు. కాపలాదారు లేని ఇంటికి మనమే రోజూ వెళ్ళి తలుపు చూడాలి కదా.

పరీక్ష పెద్దదేమీ కాదు. సన్నని నైలాన్ పుల్ల ఒకటి, పది గ్రాముల ఒత్తిడికి వంగేది, అరికాలి మీద అక్కడక్కడా ఆనించి "తెలిసిందా?" అని కళ్ళు మూయించి అడుగుతారు. ఐదు నిమిషాలు. తెలిసినవాళ్ళు డాక్టరు సరే అంటే తగిన బూట్లతో పరుగెత్తవచ్చు. తెలియనివాళ్ళు డాక్టరు చెప్పినంతే నడవాలి, రాళ్ళ మీద పరుగు వద్దు. అది అవమానమా? రైలు నడిపేవాడికి కంటి పరీక్ష చేస్తే డ్రైవరు అవమానమని అనుకోడు.

షుగరు ఉన్న ప్రతి సభ్యుడూ, పరుగెత్తినా ఎత్తకపోయినా, రాత్రి పడుకునే ముందు అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోవాలి. కళ్ళు కనిపించకపోతే భార్యో భర్తో పిల్లలో చూడాలి. బూటు వేసుకునే ముందు తలకిందులు చేసి దులపాలి. వేడి నీళ్ళలో కాళ్ళు నానబెట్టకూడదు, వేడి ఎంతో తెలియక బొబ్బలెక్కినవాళ్ళున్నారు. పుండు కనిపిస్తే ఇంటి వైద్యం మాని అదే రోజు డాక్టరు దగ్గరికి.

ఇక పరుగు రోజు. షుగరు లేనివాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. బూటులో ఇసుక పడితే వెంటనే దులపండి. పాత సాక్సు పైభాగం కోసి చీలమండకు బూటు మీదుగా తొడిగితే రాళ్ళు, పల్లేరు కాయలు లోపలికి పోవు. దిగేటప్పుడు పొడుగు అంగలు వేసి మడమతో బ్రేకు వేయకుండా, చిన్న చిన్న అడుగులు వేయండి. దిగే ముందు లేసులు ఒకసారి బిగించండి. చిన్న బొబ్బ పగలకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచి మీద టేపు వేయండి. పెద్దదై నడవనీయకపోతే, శుభ్రం చేసిన సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీయవచ్చు, పై చర్మం మాత్రం పీకకూడదు, అదే సహజమైన కట్టు. షుగరు ఉన్నవాళ్ళు ఇది తామే చేసుకోకూడదు.

"మనది భాష కోసం, బంధుత్వం కోసం పెట్టుకున్న సంఘం, ఆటల క్లబ్బు కాదు. ఇవన్నీ మన పనా?" అని ఒక ప్రశ్న వచ్చింది. మేము అడిగేది ఇదే. మరి సంఘం పేరు వీపు మీద వేసుకుని పరుగెత్తమంటున్నది ఎవరు? ఫోటోలో సంఘం బోర్డు పట్టుకున్నది ఎవరు? పేరు మనదైతే పుండు కూడా మనదే. ఈ ఊళ్ళో తరాల నుంచి ఉంటున్నాము. మన తాతలు ఇక్కడ సంఘం పెట్టింది ఒకరి కష్టం ఒకరు చూసుకోవాలనే. తెలుగు మాట్లాడటం ఆ తరువాతిది.

కాబట్టి ఆదివారం కమిటీ ముందు ఈ నాలుగు కోరికలు పెడుతున్నాము.

ఒకటి, ఈ నెలలోనే సంఘం హాలులో కాలి పరీక్ష శిబిరం పెట్టాలి. మన సభ్యుల పిల్లల్లో ఇద్దరు డాక్టర్లు, ఒక నర్సమ్మ ఉన్నారు, అడిగితే వస్తారు. పరుగెత్తేవాళ్ళే కాదు, షుగరు ఉన్న ప్రతి ఒక్కరూ రావాలి.

రెండు, పరీక్ష కాకుండా ఎవరి పేరూ సంఘం తరఫున పంపకూడదు. కమిటీ సభ్యుడైనా సరే.

మూడు, నలభై టీషర్టులకు ఒక్కొక్కటి మూడు వందల యాభై చొప్పున పద్నాలుగు వేలు అనుకున్నారు. ఈసారి పాత టీషర్టులే వేసుకుందాం, రంగు ఇంకా పోలేదు. ఆ డబ్బుతో పరుగెత్తేవాళ్ళకు మంచి సాక్సులు రెండేసి జతలు, టేపు చుట్టలు, కత్తెరలు, శుభ్రమైన కట్టుగుడ్డలు కొందాం. మిగిలితే ఎం.సి.ఆర్. చెప్పులు కొనలేని సభ్యులకు ఇద్దాం.

నాలుగోదానికి డబ్బు అక్కర్లేదు, కానీ అదే కష్టం. ఆగి బూటు విప్పేవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు. "బావా", "మామా" అని వరస కలిపి ఎగతాళి చేయడం మనకు ముద్దుగానే ఉంటుంది. కొండ మీద ఆ ముద్దు ఒక వేలు ఖరీదు చేసింది. నీళ్ళు ఇచ్చే ప్రతి చోటా ఒక బల్ల, ఒక తువ్వాలు, టేపు పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరినీ "కాళ్ళు ఎలా ఉన్నాయి, కూర్చో" అని మనమే అడగాలి. సగంలో మానేసి దిగినవాడికి కూడా ఫోటోలో మధ్య చోటే ఇవ్వాలి.

ఈ ఉత్తరం రాయడానికి ముందు మన బావగారి అంగడికి పోయాము. ఆయన ఇప్పుడు మెత్తని చెప్పులు వేసుకుంటున్నాడు, రోజూ రాత్రి కూతురు అరికాలు చూస్తుందట. పోయిన ఏడాది నవ్వినందుకు మేము క్షమించమని అడిగాము. "పోనీలెండి బావా, మీరు నవ్వకపోయినా నేను లేచేవాణ్ణేమో" అన్నాడు. మా మనసు తేలిక చేయడానికి అన్నాడని మాకు తెలుసు. తరువాత ఆయనే అడిగాడు, ఈసారి తొమ్మిదో కిలోమీటరు దగ్గర బల్ల వేస్తే తాను కూర్చుంటానని. టేపు కత్తిరించడం డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నాడట.

ఆయనకు ఆ బల్ల, కుర్చీ ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోవాలి. ఆదివారం పదిన్నరకు అందరూ రండి. రాలేనివాళ్ళు మీ అభిప్రాయం ఇక్కడే కింద రాయండి, మేము చదివి వినిపిస్తాము. టీషర్టు రంగు మాత్రం రాయకండి.

ఇట్లు,
పొద్దున నడకలో మేము ఐదుగురం